ఊ కొడితేనే కదిలే పటం

బిందుమాధవికి ఆ ఆదివారం పొద్దున ఉప్మా కూడా గొంతు దిగలేదు. ఎల్బీనగర్‌లో ఒక సందులో, సొంత ఇంటి కింది అంతస్తునే బొమ్మల మ్యూజియంగా మార్చిన చక్రపాణి మాస్టారు ముందురోజే తేల్చి చెప్పేశారు.

"అమ్మాయ్, రేపు సాయంత్రం దాకా ఓ మూల కూర్చుని చూస్తాను. వచ్చినవాళ్ళు నా పటాల్ని చూస్తే నీ ట్యాబ్‌లు ఉంటాయి. ట్యాబ్‌లనే చూస్తే మాత్రం మూటగట్టి నీతోనే పంపించేస్తాను. ఏమీ అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటుంది? వారమంతా దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో ఎవరి పనో చేసి, మిగిలిన శని ఆదివారాలన్నీ ఏడాదిగా ట్యాబ్ లోంచి కథ చెప్పే ఈ గైడుకే ధారపోసింది. ట్యాబ్‌ని కథల బొమ్మలు గీసిన చేర్యాల పటానికి ఎదురుగా పట్టుకుంటే చాలు, ఆ ఎర్రటి గుడ్డ మీది బొమ్మలు తెర మీద కదులుతాయి. గొర్రెలు నడుస్తాయి, పులి తోక ఊపుతుంది, ఒక ఆడగొంతు కథంతా చెబుతుంది. ఇలా వచ్చి అలా వెళ్ళిపోయే జనాన్ని పటం ముందు కాసేపు నిలబెట్టాలని పిచ్చిపిల్ల ఆశ.

జనం నిలబడ్డారు. చిక్కంతా అక్కడే వచ్చింది. కోచింగ్ సెంటర్ల కుర్రాళ్ళు ట్యాబ్‌లు ఎత్తిపట్టి, కళ్ళు తెరకు అప్పగించి, పులిని చూసి నవ్వుకుని పక్క పటానికి పోయారు. గోడ మీది అసలు పులి వంక ఒక్కడు తల తిప్పితే ఒట్టు. మూలన కుర్చీలో మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం చూసి బిందు ప్రాణం ఉసూరుమంది. కుర్రాళ్ళని తిట్టుకుని లాభం లేదు. తెరని అంత ముద్దుగా కదిలించింది తనే.

మధ్యాహ్నం దాటాక ఆమె అత్త యాదలక్ష్మి బాలాపూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చి దిగింది. కోడలు చేసే పనేమిటో కొడుకు ఉపేందర్ ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కక, కళ్ళారా చూసి పోదామని వచ్చిందట. చేతిలో సర్వపిండి డబ్బా.

"మొఖం గట్ల పీక్కపోయిందేంది బిడ్డా? జర తిని చెయ్యి పని."

"తర్వాత తింటానండీ అత్తయ్యా. ముందు మీరిది చూడండి."

ట్యాబ్ చేతికిచ్చి పటం ముందు నిలబెట్టింది. గొర్రెలు కాసే ఒక పిల్ల, తప్పిపోయిన అన్నని వెతుక్కుంటూ అడవిలోకి బయల్దేరిందని గైడు మొదలుపెట్టింది.

"ఊ" అంది యాదలక్ష్మి.

కుర్రాళ్ళు తిరిగి చూశారు. ఆమెకేం పట్టలేదు. ఎవరైనా కథ చెబుతుంటే ఊ కొట్టకపోవడం ఎంత మర్యాద తక్కువ పని. గైడుకి మాత్రం ఆ మర్యాద తెలియదు. ఆమె ఊ అనేలోపే అది గడగడా ముందుకు పోతోంది. కాసేపు ఓర్చుకుంది, ఇక ఆమెకి ఒళ్ళు మండింది.

"గీమెకు ఏం తొందరున్నది బిడ్డా? నేను ఊ కొడ్తున్న గదా, ఆగదేంది? వినేటోళ్ళు ఉన్నరో పోయిన్రో చూసుకోదా?" అంటూ ట్యాబ్ తిరిగి ఇచ్చేసింది. "నాకొద్దు గిది. నువ్వే చెప్పు."

బిందుకి ఏడుపొక్కటే తక్కువ. మాస్టారు అంతా చూస్తున్నారు. అయినా అత్త మాట తీసెయ్యలేక, తన కృష్ణా జిల్లా యాసలోనే అందుకుంది.

"ఆ పిల్ల అడవిలోకి వెళ్ళిందండీ."

"ఊ."

"అక్కడ పులి ఎదురొచ్చిందండీ."

ఊ రాలేదు. యాదలక్ష్మి పటం దగ్గరికి నడిచింది. పులిని తల నుంచి తోక దాకా చూసింది, పిల్ల ముఖం చూసింది, మళ్ళీ పులిని చూసింది.

"పిల్లకంటే పులే ఎక్కువ బెదిరినట్టున్నది" అని, అప్పుడు "ఊ, ఇగ చెప్పు" అంది.

బిందుకి అప్పుడు తట్టింది. మాటకీ ఊ కీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలోనే కదా అత్తయ్య పటం చూసింది. తన గైడు ఆ జాగా ఎవరికీ ఇవ్వలేదు. ఆ క్షణాన అత్త మీద పుట్టుకొచ్చిన ప్రేమకి ఆమెని అమాంతం వాటేసుకుంది. ఎందుకో తెలియకపోయినా యాదలక్ష్మి కోడలి వీపు నిమిరింది.

తర్వాత బిందు లాప్‌టాప్‌తో నేల మీదే చతికిలబడింది. అత్త సర్వపిండి ముక్కలు తుంచి నోట్లో పెడుతుంటే పని కానిచ్చింది. ఇప్పుడు గైడు ఒక్క మాట చెబుతుంది. వెంటనే తెర నల్లబడుతుంది. చూసేవాళ్ళు ఊ అనేదాకా మళ్ళీ వెలగదు, నోరు మెదపదు.

తెర నల్లబడితే కుర్రాళ్ళు ఏం చేస్తారు? తలెత్తి గోడ చూశారు. మొదట సిగ్గుపడుతూ ఒకడు ఊ అన్నాడు. పొద్దు వాలేసరికి హాలంతా ఊ లే.

మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చి తనూ ఒక ట్యాబ్ తీసుకున్నారు. తను ఏరికోరి కొనుక్కున్న పటం ముందే నిలబడ్డారు. గైడు మొదటి మాట చెప్పి ఆగింది. ఆయన ట్యాబ్ దించేశారు, కానీ ఊ అనలేదు. ఎంతకీ అనలేదు. బిందు దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, మీరు ఊ అనాలండీ. లేకపోతే అది కదలదు."

"తెలుసమ్మా" అన్నారాయన, పటం మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా చూస్తున్నాను. దానికేం తొందర, రేపట్నుంచి ఇక్కడే ఉంటుందిగా."