ఇన్షిరాహ్ ఊపిరి

కంటికి నిజంగా అంత బలం ఉంటుందా అన్న అనుమానం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. దిష్టి నిజమేనని పెద్దలు చెప్పారు, మసీదులో విన్నాను, నమ్ముతాను కూడా. కాని ఒక మనిషి ఏళ్ళ తరబడి ఇంకొకరిని అసూయతో చూస్తూ ఉంటే, ఆ చూపు ఎదుటివాళ్ళకు తగలకముందు చూసేవాళ్ళను ఏం చేస్తుంది? ఈ మాట ఇమామ్‌గారిని అడుగుదామని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ సిగ్గేసి, వేరే ఏదో అడిగి వచ్చేశాను.

ఇంబాబా పేటలో ఒక ఉమ్మడి కుటుంబం ఉండే ఇంటి కింది వాటాలో మేము అద్దెకుంటున్నాం. రెండో అంతస్తులో ఆ ఇంటి పెద్దకోడలు ఇన్షిరాహ్, ఐదో అంతస్తులో చిన్నకోడలు షాహినాజ్. ఇన్షిరాహ్ మా ఆవిడతో తప్ప ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడేది కాదు. ఇప్పుడు నేను చెప్పేదంతా మా ఆవిడ ద్వారా విన్నదే.

ఆ రోజు పొద్దున ఇన్షిరాహ్ హరం వీధిలోని స్టూడియోలో ఒక పచ్చికోడికి రంగు వేస్తోంది. మాడబెట్టిన పంచదారలో కాస్త గిన్నెలు తోమే సబ్బు కలిపి, మెత్తటి కుంచెతో కోడి రొమ్ము మీద, తొడల మీద పూత పూస్తోంది. లైట్ల కింద అది అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు ఎర్రగా నిగనిగలాడుతుంది. లోపల మాత్రం పచ్చి నెత్తురే. పాలకు బదులు తెల్లజిగురు, ఆవిరి కావాలంటే తడిపి వేడి చేసి పళ్ళెం వెనక దాచిన దూది. ఆమె పొట్టి మనిషి. యాభై నాలుగేళ్ళు. ఎడమ మోకాలు వాచి ఉంటుంది. చొక్కా చేతులు జారకుండా మోచేతుల దగ్గర రబ్బరు పట్టీలు. వేళ్ళ నిండా పాత కాలిన మచ్చలు. ముప్పై ఏళ్ళుగా ఆ చేతులు స్టూడియోలో వండినదాన్ని దేశమంతా చూసింది. ఎవరూ తినలేదు.

రమ్జీ టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. ప్రకటనలు తీసే ఆ కంపెనీలో పనులన్నీ చూసేది అతనే.

"ఇన్షిరాహమ్మా, ఆ కోడిని వదిలెయ్. కాస్త కూర్చో."

"కూర్చుంటే మోకాలు మళ్ళీ లేవనివ్వదు. నిలబడే వింటా, చెప్పు ఉస్తాద్."

"నెయ్యి వాళ్ళు మన ప్రకటన ఆపేశారు. అంత ఖర్చు పెట్టి తీస్తే జనం ఐదు సెకన్లు చూసి దాటేస్తున్నారంట. దాటెయ్యడానికి బొత్తాం ఎప్పుడొస్తుందా అని వేలు అక్కడే పెట్టుకుని కూచుంటున్నారంట."

"కోడి బాలేదా?"

"కోడికేం, పెళ్ళికూతురులా ఉంది. చెప్పే మనిషే తెలిసిన మనిషి కావాలంట. అందుకని ఈసారి వంటల పేజీలు నడిపేవాళ్ళతో తీయిస్తున్నాం. వాళ్ళ ఇంట్లో, వాళ్ళ పొయ్యి మీద. వాళ్ళ పేజీలో వాళ్ళే పెడతారు. ఆపైన మనం డబ్బు పోసి అదే వీడియోని ఇంకో పదిమంది దగ్గరికి తోస్తాం. చూసేవాళ్ళకి పక్కింటావిడ చెప్పినట్టుంటుంది."

"ముప్పై ఏళ్ళ నుంచీ నేను వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నట్టే కదా?"

"ఉన్నావు తల్లీ. కాని నీ మొహం ఎవరికి తెలుసు?"

ఆమె కుంచెను నీళ్ళలో ముంచింది. "ఇంతకీ ఎవరా పక్కింటావిడ?"

రమ్జీ టీ గ్లాసులోకి చూశాడు. "మీ తోడికోడలే. షాహినాజ్. ఇవాళ మధ్యాహ్నం నమాజు అయ్యాక తీస్తాం. నిన్ను పంపమని తనే అడిగింది. మా అక్క పక్కనుంటే నాకు ధైర్యం అంది." చెప్పక తప్పదన్నట్టు మిగతాది కూడా చెప్పేశాడు. "ఇది బాగా ఆడితే ఏడాదికి ఒప్పందం రాస్తారు. అప్పుడు ఈ వంటగదికి అద్దె దండగ అంటారు. ఆడకపోతే మళ్ళీ మన గుమ్మంలోకే వస్తారు. నీ దగ్గర దాచడం ఎందుకని చెప్తున్నా."

సగం రంగు వేసిన కోడిని బల్ల మీదే వదిలి ఇన్షిరాహ్ మినీబస్సు ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా మోకాలు నిమురుకుంటూనే ఉంది. పంతొమ్మిదేళ్ళప్పుడు బన్హా ఊరి నుంచి కొత్తకోడలిగా వచ్చిన షాహినాజ్‌కు ఉల్లిపాయ తరగడం రాదు. నేర్పింది తనే. సొరకాయ కూరడం, ద్రాక్షాకు చుట్టడం, ములూఖియా ఆకు తరగడం, అన్నీ తనే. ఒకరోజు ఆ పిల్ల ఫోనును పంచదార డబ్బాకు ఆనించి, కూరిన వంకాయ చేస్తూ, "ఇది మా అమ్మ నేర్పింది" అని నవ్వింది. ఆ నవ్వును ఆ రోజు పదివేలమంది చూశారు. ఇప్పుడు ఆ పేజీ వెంట పదకొండు లక్షలమంది ఉన్నారు. సవతులెక్కిన పడవ దరి చేరింది, తోడికోడళ్ళెక్కిన పడవ మునిగింది అని మా వాళ్ళు ఊరికే అనలేదు. తెల్లవారి నమాజు అయ్యాక, తస్బీహ్ పూసలు తిప్పకముందే ఇన్షిరాహ్ ఫోను తీసి ఆ అంకె చూసేదట. తగ్గిందేమోనని. ఒక్కరోజూ తగ్గలేదు. ఎవరి మేలు చూసినా దిష్టి తగలకూడదని మాషా అల్లా అనడం మా అలవాటు. ఆ అంకె చూసి ఆ మాట ఎప్పుడూ అనలేకపోయానని తనే ఒప్పుకుంది.

ఐదో అంతస్తు ఎక్కేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. షాహినాజ్ ఎదురొచ్చింది. ముప్పై ఒకటో ఏడు, గుండ్రటి మొహం, పచ్చ యాపిల్ రంగు తలగుడ్డ.

"అక్కా, వచ్చావా! ఎప్పుడూ నా ఫోను, నేను. ఇప్పుడేమో ఇంత పెద్ద కెమెరా, ఈ లైట్లు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత భయపడలేదే."

"పెళ్ళిచూపుల్లో భయపడాల్సింది మా మరిది. ఆ ఆకు ఇలా ఇయ్యి."

షాహినాజ్ పకపకా నవ్వింది. ఇన్షిరాహ్ నేల మీద కూర్చుని, రెండు పిడుల వంపుకత్తితో ములూఖియా ఆకును మెత్తగా తరిగింది. కుందేలు ఉడికించిన నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఈ కూరకు రెండే రహస్యాలు. ఆకు వేశాక మరగనివ్వకూడదు. మరిగితే పైన తేలే ఆకంతా అడుగుకు దిగి, మీద పచ్చనీళ్ళు మిగులుతాయి. రెండోది, నేతిలో వేయించిన వెల్లుల్లి, ధనియాల తాలింపు కూరలో పోసేటప్పుడు వండే మనిషి హా అని గట్టిగా ఊపిరి ఎగబీల్చాలి. అలా చేయకపోతే రుచి రాదంటారు. ఎందుకో నాకు తెలియదు. మా అమ్మ చేసేది, మా ఆవిడా చేస్తుంది.

కెమెరా తిరిగింది. షాహినాజ్ నెయ్యి డబ్బా చూపించి, పేరు చెప్పి, తన వాళ్ళను పేరుపేరునా పలకరిస్తున్నట్టు మాట్లాడుతూ ఆకు వేసింది. మాటల్లో పడి పొయ్యి సంగతి మరిచిపోయింది. మంట పెద్దగానే ఉంది. తలుపు దగ్గర నిలబడ్డ ఇన్షిరాహ్‌కు అది కనిపిస్తోంది. గిన్నె అంచున మొదటి బుడగ లేచింది. ఒక్క అడుగు ముందుకేసి బొత్తాం తిప్పితే చాలు. ఒక్కమాట అన్నా చాలు. ఆమె రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడింది. రెండో బుడగ లేచింది. గిన్నె మొత్తం మరిగింది.

ఆకు దిగిపోయింది.

కెమెరాతో పాటు రమ్జీ కూడా గిన్నెలోకి చూశాడు. "ఇదేంటి, కాలవ నీళ్ళలా ఉంది?"

షాహినాజ్ మొహం పాలిపోయింది. గరిటె కింద పెట్టి, ఏడుపు గొంతుతో అంది: "నాకు దిష్టి తగిలింది. వారం నుంచీ ఇంతే. నిన్న గ్లాసు పగిలింది, మొన్న మెట్ల మీద కాలు జారింది. ఎవరి కన్నో పడింది నా మీద." గబగబా వచ్చి ఇన్షిరాహ్ ముందు తల వంచింది. "అక్కా, నువ్వు చదువు. నువ్వు నమాజు మానని మనిషివి. నీ చెయ్యి పెట్టి చదివితే పోతుంది."

ఇన్షిరాహ్ ఆ పచ్చ తలగుడ్డ మీద చెయ్యి పెట్టింది. దిష్టికి చదివే ఖురాన్ సూరా చిన్నది, పిల్లలకు కూడా వచ్చు. నాలుగు వాక్యాలు బాగానే నడిచాయి. చివర్న, అసూయపడే మనిషి కీడు నుంచి కాపాడమని అడిగే చోటికి వచ్చేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అరచేతి కింద ఆ పిల్ల తల వెచ్చగా ఉంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి కళ్ళు మూసుకుని, గొంతు పగిలినా సరేనని పూర్తి చేసింది.

"ఎవరి నుంచి ఎవర్ని కాపాడమని అడిగానో నాకే తెలీలేదమ్మా" అని మా ఆవిడతో అందట.

"తగ్గిందా?" అంది షాహినాజ్ తలెత్తి.

"తగ్గుతుందిలే. లే, ఆకు ఇంకా సగం ఉంది. మంట నేను చూసుకుంటా. నువ్వు మాట్లాడు."

ఈసారి కెమెరాకు కనిపించకుండా పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, బొత్తాం మీద చెయ్యి పెట్టింది. మరిగే ముందు క్షణంలో మంట తగ్గించింది. ఆకు పట్టులా పైకి తేలి నిలిచింది. షాహినాజ్ తాలింపు ఎత్తింది. నెయ్యి చుయ్యిమంది. ఆ చప్పుడు వినగానే, ముప్పై ఏళ్ళ అలవాటు, కింద కూర్చున్న ఇన్షిరాహ్ హా అని గుండె నిండా ఊపిరి ఎగబీల్చింది. షాహినాజ్ అప్పుడే నోరు తెరిచింది, కాని ఆమె చప్పుడు ఇంకా రాలేదు.

"ఆపండి!" అన్నాడు రమ్జీ. "కాదు కాదు, ఆపకండి! అయిపోయింది. అదే. మా నాయనమ్మ గుర్తొచ్చింది నాకు."

మైకులో పడింది ఇన్షిరాహ్ ఊపిరి. తెర మీద తెరుచుకుంది షాహినాజ్ నోరు. ఎవరూ విడదీయలేదు, విడదీయక్కర్లేదు కూడా.

వాళ్ళు వైర్లు చుడుతుంటే షాహినాజ్ వంటింట్లో మెల్లగా అడిగింది: "అక్కా, వీడియో కింద నీ పేరు పెట్టమంటావా? ఊపిరి మా తోడికోడలిది అని రాస్తా. నిజం చెప్తున్నా, రాస్తా."

ఇన్షిరాహ్ కత్తి కడుగుతోంది. "అక్కర్లేదు. నా పేరు నాకు తెలుసు."

ఆ సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ ఆమె మా ఆవిడ దగ్గర ఏడ్చింది. వద్దని అనేశానే, ఎందుకన్నానే అని. పెట్టమంటే ఆ పిల్ల మంచిదైపోతుందనే వద్దందట. చెడ్డదిగా ఉంటేనే తనకు సుఖంగా ఉందట.

వీడియో బాగా ఆడింది. నెయ్యి కంపెనీ డబ్బు పోసిన కొద్దీ ఇంకా పాకింది. మినీబస్సుల్లో, కూరగాయల కొట్ల దగ్గర, మా మంగలి దుకాణంలో కూడా ఫోన్లలోంచి అదే హా. పిల్లలు ఆ చప్పుడు తీసుకుని సొంత వీడియోలకు తగిలించారు. ఏడాదికి ఒప్పందం కుదిరింది. స్టూడియోలో వంటగది మూసేశారు. ఇన్షిరాహ్ అలవాటు కొద్దీ ఆరింటికే లేచి, వెళ్ళడానికి చోటు లేక, రెండో అంతస్తు మెట్ల మీద కూర్చునేది. రంజాను పండగ వెళ్ళాక షాహినాజ్ వాళ్ళు అక్టోబర్ సిటీలో కొత్త ఇంటికి మారుతున్నారని తెలిసింది.

సామాను లారీ వచ్చిన రోజు పొద్దునే ఇన్షిరాహ్ స్టూలు ఎక్కి, బీరువా మీది నుంచి నీలి అంచు పళ్ళెం ఒకటి దించింది. ఆరేళ్ళ కిందట ఆమె మొగుడు మిత్వల్లీ పోయినప్పుడు, రెండు రోజులుగా నోట్లో ఏమీ వేసుకోని ఆమెకు షాహినాజ్ ఆ పళ్ళెంలోనే అన్నం తెచ్చింది. ఉప్పు ఎక్కువైన అన్నం. ఆమె మెతుకు మిగల్చకుండా తింది. వచ్చిన పళ్ళెం ఖాళీగా తిరిగి పోకూడదు మాలో. ఏదో ఒకటి వండి నింపి పంపాలి. ఆరు రంజానులు, ఆరు బక్రీదులు వెళ్ళాయి. నింపడానికి ఆమెకు చేతులు రాలేదు. ఆ రోజు ద్రాక్షాకు చుట్టలు చేసి, చిటికెనవేలంత సన్నగా, వరసలు పేర్చి నింపింది.

షాహినాజ్ ఫోను ముందు పట్టుకుని మాట్లాడుతూనే మెట్లు దిగుతోంది. రెండో అంతస్తులో ఆగింది.

"ఇదేంటక్కా?"

"నీ పళ్ళెం. మా ఆయన పోయినప్పుడు తెచ్చావు. నా దగ్గరే ఉండిపోయింది."

"నాదా? నాకసలు గుర్తే లేదే!" ఫోను చంకలో పెట్టి, పళ్ళెం అందుకుని నవ్వింది. ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. ఇంకొకటి అందుకుంది. "నీ చేతిలో ఏముందక్కా, నేనెన్నేళ్ళు చేసినా రాదిది."

ఇన్షిరాహ్ ఆమె మొహంలోకి చూసింది. పెదాలు కదిలాయి.

"మాషా అల్లా" అంది.

కింద లారీ హారను మోగించింది. షాహినాజ్ అక్కను గట్టిగా కావలించుకుని, కళ్ళు తుడుచుకుని, ఫోను మళ్ళీ పైకెత్తింది. ఆమెను చూసేవాళ్ళు ఎదురుచూస్తున్నారు. రెండు చేతులూ కావాల్సి వచ్చి, చేతిలో ఉన్నది పక్కన పెట్టి దిగిపోయింది. లారీ వీధి మలుపు తిరిగిన చప్పుడు మా వాటాలోకి కూడా వినిపించింది.

మెట్ల మలుపులో కరెంటు మీటరు పెట్టె మీద నీలి అంచు పళ్ళెం, అందులో వరస చెదిరిన ద్రాక్షాకు చుట్టలు, అంచున సగం కొరికి పెట్టిన ఒకటి.