బాగ్దాద్‌లో సముద్రం

మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకు దొరబాబు మొదటి వాక్యం చెప్పాడు. సాయిదుర్గ రాసింది.

సీతమ్మధారలో ఒక కాలేజీ. వెనక గదిలో పరీక్ష.

ఫ్యాను చప్పుడు — కాగితం మీద పెన్ను చప్పుడు.

దొరబాబుకి చూపు లేదు. ఆరేళ్ల క్రితం ఒక వర్క్‌షాపులో గ్యాస్ కటింగ్ చేస్తుంటే కరిగిన ఇనుము కళ్లలోకి చిమ్మింది.

సాయిదుర్గ ఉక్కునగరంలో ఇంటర్ చదువుతోంది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయాలి. సలహా ఇవ్వకూడదు. అది రూలు.

"నీ సేతిరాత ఎలగున్నా నాను సూడన్లే, బయపడకు," అన్నాడు గదిలోకి వస్తూనే. ఆ పిల్ల నవ్వలేదు.

ఎమ్మే చరిత్ర. ఈ ఒక్క పేపరే మిగిలింది. ఇది మూడోసారి. ఇదే ఆఖరు అవకాశం. పాసైతే అంధుల పాఠశాలలో పాఠాలు చెప్పే పని ఇస్తామన్నారు.

ఐదు ప్రశ్నలు. గట్టెక్కాలంటే కనీసం మూడు రాయాలి.

మొదటిది మూడింటికి అయిపోయింది.

రెండోది — బాగ్దాద్ ఖలీఫా అల్-ఖాహిర్ జీవితం, పాలన.

పాలన ఏడాదిన్నర. పేజీన్నరలో చెప్పేశాడు. పట్టాభిషేకం, శిక్షలు, సైన్యం తిరగబడటం. గద్దె దిగనన్నాడు ఖలీఫా. కాల్చిన సూదులతో కళ్లు తీశారు.

ఆ తర్వాత పదహారేళ్లు బతికాడు. మసీదులో చెయ్యి చాపి అడుక్కుంటుంటే జనం చూశారు.

పుస్తకంలో అంతే.

దొరబాబు ఆగలేదు.

ఖలీఫా గోడ పట్టుకుని నడిచాడు... సాయిదుర్గ రాసింది.

గుమ్మాలు లెక్కపెట్టుకున్నాడు... రాసింది.

ఎదురొచ్చినవాళ్లు మాట ఆపేసేవారు. ఆయన దాటాక మళ్లీ మొదలెట్టేవారు... రాసింది.

ఆయన గదిలో దీపం పెట్టడం మానేశారు. నూనె వాసన రాకపోతే ఆయనకి తెలిసింది... రాసింది.

నాలుగున్నర. ఏడు పేజీలు.

ఓడ కూత వినగానే ఖలీఫా అటు తిరిగేవాడు. సముద్రం ఎటుందో తెలిస్తే ఊరంతా తెలిసేది...

పెన్ను ఆగింది.

"బాబాయ్... బాగ్దాద్‌లో సముద్రం లేదు."

దొరబాబు సముద్రం ఒడ్డున పెదజాలరిపేటలో పుట్టాడు. తండ్రి తెప్ప మీద వేటకెళ్లేవాడు.

"నేదా?"

"నది ఉంది."

ఫ్యాను చప్పుడు.

"మరి ఆయనకి దారెలా తెలిసుంటాదమ్మా?"

సాయిదుర్గ పెన్ను మళ్లీ కాగితం మీద పెట్టింది. చెప్పకూడదు.

ఆ వాక్యాలు కొట్టేయమన్నాడు. కొట్టేసింది.

మూడో ప్రశ్న చదవమన్నాడు. చదివింది.

మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివింది.

ఐదింటికి బెల్లు కొట్టారు. జవాబు పత్రంలో మూడో ప్రశ్న నంబరు వేసి ఉంది. దాని కింద ఏమీ రాసి లేదు.