తుప్పు పట్టని రింగులు

ఆగస్టులో ఎవరిదో పడవ ప్రొపెల్లరు తగిలి ఆల్థియా బోను ఒకటి పైన తేలే బెండు తెగి సముద్రం అడుగున ఉండిపోయింది. అమెరికాలోని మెయిన్ తీరంలో పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పట్టేవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. ఏటా పదో పాతికో పోతాయి, చేతులు దులుపుకుంటారు. ఆల్థియా కూడా ముప్పైయేళ్ళుగా దులుపుకున్నదే. ఈసారి రెండు నెలలు మనసుకి సర్దిచెప్పుకుంది కానీ, ఇక కుదరలేదు. నిన్నటి నుంచీ నీళ్ళలో కొక్కెం ఈడుస్తూ బోను పోయినచోట రాతి దిబ్బ చుట్టూనే పడవని తిప్పుతోంది.

"ఏంటి వదినా ఈ దేవులాట? అందులో మా అన్నయ్య గానీ చిక్కుకున్నాడా?" అన్నాడు లీలండ్. ఆమె మరిది, ఆ పడవ మీదే ఎర కట్టే మనిషి.

"మీ అన్నయ్యే అయితే వెతికేదాన్ని కాదు. నోరు మూసుకుని తాడు చూడు."

అసలు సంగతి చెప్పడానికి ఆమెకి మొహం చెల్లలేదు. బోనుకి పక్కన చిన్న తలుపు ఉంటుంది. దాన్ని ఉత్త ఇనుప రింగులతోనే బిగించాలి. బోను పోయినా కొన్నాళ్ళకి రింగులు తుప్పు పట్టి తెగుతాయి, తలుపు ఊడుతుంది, లోపలున్నవి వాటి దారిన అవి పోతాయి. కానీ సీజను మధ్యలోనే రింగులు తెగి, పట్టినవన్నీ జారిపోతుంటే విసిగి, ఈ వేసవిలో ఆమె గుట్టుగా స్టీలు రింగులు వేసింది. వాటికి తుప్పు పట్టదు. లోపల ఒకటి చస్తే అదే ఎర, దాన్ని తినడానికి ఇంకోటి దూరుతుంది, అదీ అక్కడే.

మధ్యాహ్నానికి కొక్కెం బిగిసింది. నాచు కప్పుకున్న బోను పైకొచ్చింది. లోపలన్నీ చచ్చినవాటి డొల్లలు. కదులుతున్నది ఒక్కటే. ఆడది. తోక కింద గుత్తులుగా గుడ్లు, తోక రెక్కకి కత్తి గంటు. గుడ్లతో దొరికినదాన్ని గంటు పెట్టి వదిలేస్తారు. ఆ గంటు చూశాక ఇంకెవరూ దాన్ని ఒడ్డుకి తేరు.

లీలండ్ నాచు తుడిచాడు. "అబ్బో, రింగులు నీ పెళ్ళి ఉంగరంకన్నా మెరుస్తున్నా..."

మాట మధ్యలోనే ఆగిపోయింది.

"ఎన్నిటికి వేశావ్ వదినా?"

"అన్నిటికీ."

"నాకు చెప్పలేదే?"

"చెబితే వద్దంటావని."

అతను తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది. అలవాటుగా విసిరేయకుండా, వంగి, ఆ తల్లిని రెండు చేతులతో నీళ్ళలోకి దించింది. తోక ఒక్కసారి కొట్టుకుని మునిగిపోయింది. బతుకుతుందో లేదో.

"ఇనుప రింగులున్నాయా?" అన్నాడు లీలండ్.

"సీటు కింద డబ్బాలో."

"సరే, చీకటి పడేలోగా ఎన్నయితే అన్ని. నువ్వు పడవ నడుపు, స్టీలువి నేను కోస్తా."

"కాదు. నువ్వే నడుపు," అని ఆల్థియా కటింగ్ ప్లేయర్ అందుకుంది.

పక్క బెండు దగ్గర మొదటి బోను పడవలోకి లాగారు. స్టీలు రింగు మొండికేసింది. రెండు చేతులూ వేసి నొక్కాల్సి వచ్చింది.