వణకని చెయ్యి

కృష్ణగిరి మామిడి మండీలో వరదప్పకు ఒక లోటుండేది. బేరం ముదిరితే ఆయన చెయ్యి వణికేది. ఆ మండీలో పాతకాపులు ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టి చెప్పుకుంటారు. చెయ్యి వణికితే ఆశ బయటపడ్డట్టే. ఎదుటివాడు అదను చూసి బిగించేవాడు.

పోయిన చలికాలం గుండె దడదడలాడితే హోసూరు డాక్టరు గుండె వేగం తగ్గించే మాత్ర రాసిచ్చాడు. దడ తగ్గింది, దానితోపాటు వణుకూ పోయింది. వరదప్ప సంబరానికి పట్టపగ్గాల్లేవు. మందుకు మందు, బేరానికి బేరం! ఆయనలా చక్కెర జబ్బున్నవాళ్ళు జాగ్రత్తగా ఉండాలని డాక్టరు ఇంకేదో చెప్పాడు గానీ ఆయన చెవికెక్కలేదు. పక్కనే కూర్చున్న భార్య నాంచారమ్మ విన్నది. ఇంటికొచ్చి గుర్తుచేయబోతే, తన ఒంటి సంగతి తనకు తెలియదా అని కసిరాడు. ఒంట్లో చక్కెర పడిపోతే చెయ్యి వణికి, గుండె కొట్టుకుని ముందే కబురు చేస్తాయని ఆయన ధీమా. ఏళ్ళ తరబడి అలాగే చేశాయి మరి.

పంట ఊపు మీదున్న రోజుల్లో ఒక పొద్దున, అత్తిముగం రైతు లక్ష్మణప్ప లారీ నిండా మేలు కాయ దించాడని తెలిసింది. వరదప్ప చక్కెర మాత్రా గుండె మాత్రా వేసుకుని, సంగటి ముట్టకుండానే మండీకి పరుగెత్తాడు. ఎండెక్కేదాకా కాయలు చూసి, అప్పుడు తువ్వాలు కప్పారు.

లక్ష్మణప్ప ఆయన వేళ్ళు రెండు పట్టాడు. రెండంటే ఎంత? వరదప్పకు తట్టలేదు. బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసిన లెక్క తుడిచేసినట్టు పోయింది. కాయల వాసన తెలుస్తోంది గానీ ఎదుటి మనిషి పేరు నాలుక మీదికి రావడం లేదు. తాను కొంటున్నాడా, అమ్ముతున్నాడా? చొక్కా తడిసి వీపుకంటుకుంటే ఎండ అనుకున్నాడు. ఒంట్లో ఏమన్నా తేడానా అని చూసుకుంటే చెయ్యి నిలకడగా ఉంది, గుండె నింపాదిగా ఉంది. అంటే ఏమీ కాలేదన్నమాట. మరి ఈ మనుషులంతా ఎందుకిలా మసకబారుతున్నారు? భయమేసింది. దేనికి భయపడాలో మాత్రం తెలియలేదు.

బేరం మధ్యలో తువ్వాలు తీయడం మండీలో మహా తప్పు. లక్ష్మణప్ప తీసి పారేశాడు.

"ఈయప్ప చెయ్యి ఐసు మాదిరి ఉండాది. ఆ చెమట చూడండప్పా," అన్నాడు పక్కవాళ్ళతో. చక్కెర జబ్బు మనిషని తెలుసు గనక టీకొట్టు నుంచి చక్కెర నీళ్ళు తెప్పించి, మింగగలుగుతున్నాడని చూసుకుని గుక్కగుక్కగా తాగించాడు. కాస్త తేరుకున్నాక ఇడ్లీ తినిపించాడు.

కబురంది నాంచారమ్మ వచ్చేసరికి వరదప్ప లేచి కూర్చున్నాడు. ఆ పాడు గుండె మాత్ర ఇక ముట్టనన్నాడు. ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఉన్నట్టుండి ఆపితే గుండెకే ముప్పని డాక్టరు చెప్పినాడు గదా. అది వేసుకుంటే చక్కెర పడినా వణుకు తెలీదు, దడ తెలీదు, చెమట చూసుకోండి, మిషన్లో చక్కెర చూసుకోండి అన్నాడు. మీకు వినే తీరిక యాడుండాది?"

అక్కడి నుంచే హోసూరుకు ఫోన్ చేసింది. డాక్టరూ అదే చెప్పాడు. గుండె మాత్ర సొంతంగా ఆపొద్దు, తిండి మానొద్దు, వెంటనే వస్తే చక్కెర మాత్ర సంగతి చూస్తానన్నాడు.

వరదప్పకు అంతా అయోమయంగా ఉంది. నింపాదిగా ఉన్న గుండెను నమ్మితే ప్రాణం మీదికొచ్చింది. ఇక తన ఒంట్లో దేన్ని నమ్మాలి? జనం తప్పుకున్నాక, తువ్వాలు కింద తానేం ధర చెప్పాడని లక్ష్మణప్పను సిగ్గుపడుతూ అడిగాడు. ఎంత చెప్పినా మాట మాటేనని, ఆ ధరకే కొంటానని అన్నాడు.

లక్ష్మణప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ధర యాడ చెప్పినావప్పా," అన్నాడు. "నా చెయ్యి పట్టుకున్నావు. లాక్కున్నా వదల్లేదు."