గువ్వల వేటకు కృతజ్ఞత కూడిక

పెనం మీద వేడెక్కిన ఉప్పు మూటను ఎడమచేత్తో తీసి, తన చెంపకు ఆనించి వేడి చూసుకుని, మొగుడి కుడి భుజం మీద పెట్టింది విమలకుమారి. భుజమంతా నేరేడుపండు రంగులో కమిలిపోయి ఉంది. పడితే తగిలిన దెబ్బ కాదది, సరదాకి తెచ్చుకున్నది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గువ్వల్ని కాలుస్తూ కూచుంటే, పేలిన ప్రతిసారీ తుపాకీ వెనక్కి తన్ని అలా చేసిందట.

"అద్గదీ, అక్కడే. మెల్లిగా యార్, సంపీగలవు!" అన్నాడు డేవిడ్‌రాజ్. స్నేహితుల్ని ఏమని పిలుస్తాడో పెళ్లాన్నీ అలాగే పిలుస్తాడు. అదే సమానత్వమనుకుంటాడు కాబోలు.

ఆయన ఉక్కు ప్లాంటులో రిటైరై ఏడాది కాలేదు. లారీల ఉదయ్‌కుమార్ తన అరవయ్యో పుట్టినరోజుకి స్నేహితుల్ని అర్జెంటీనా తీసుకుపోయాడు. అక్కడ పొలాల మీద గువ్వలు మబ్బులా కమ్ముకుంటాయట, ఎన్ని కాల్చినా అడిగేవాడు లేడట. వేటగాళ్ల కోసమే కట్టిన లాడ్జిలో బస. తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ, ఉత్తరాదిలో ప్లాంటు పక్కనున్న కోహ్కాలోని ఈ ఇంట్లో అదే కథ.

"అక్కడ మనమేటీ సెయ్యక్కర్లేదు విమలా. మన ఎనకాల ఓ మనిసి నిలబడుంటాడు. తూటాలు ఆడే కూరుతాడు. మనం పేల్చీసి, సెయ్యి ఎనక్కి సాపితే సాలు, నింపిన తుపాకీ సేతిలో ఉంటాది. ఎనక్కి తిరిగి సూడక్కర్లేదు. ఆడి మొహం ఎలాగుంటాదో కూడా నాకు గురుతు లేదు, సచ్చీ!"

మూట చల్లబడింది. మళ్లీ వేడి చేయడానికి వంటింట్లోకి వెళ్లింది. వెనక్కి తిరిగి చూడకుండా చెయ్యి చాపితే కావలసింది అందడం గురించి చెప్పుకోవడానికి అంతదూరం వెళ్లాలా అనుకుంది. ఫస్ట్ షిఫ్టుకి తెల్లారకముందే టిఫిను డబ్బా అందేది, నైట్ షిఫ్టు నుంచి వస్తే వేన్నీళ్లు అందేవి, స్నానాల గదిలోంచి చెయ్యి బయటకి వస్తే తువ్వాలు అందేది. అత్తగారు మంచాన పడ్డాక ఆవిడ చెయ్యీ దానికి తోడైంది. ఆవిణ్ణి లేపి కూచోబెట్టి, దుప్పట్లు పిండి పిండి విమల కుడి భుజం బిగుసుకుపోయింది. ఆ పైన, ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు ఒకటి. రెండేళ్ల కిందట ఇదే హాల్లో ప్రార్థన కూడిక జరుగుతుంటే, డేవిడ్‌రాజ్ సాక్ష్యం చెప్పడానికి లేచి, "ప్రతి నెలా మొదటి ఆదివారం సంగానికి ప్రేమవిందు మా విమల వొండుతాది" అని ప్రకటించేశాడు. అత్త సొమ్ము అల్లుడి దానమంటే అదే. అందరూ స్తోత్రం అన్నారు. వంటింట్లోంచి వచ్చి, "నన్నొక్క మాట అడగాలి కదండీ" అంది విమల. మంచం మీంచి అత్తగారు కసిరింది: "సంగంలో అన్న మాట దేవుడికిచ్చిన మాటే. ఎనక్కి తీసుకోకూడదు." అప్పట్నుంచీ నెలనెలా పెద్ద గుండిగలో పలావు కలుపుతూనే ఉంది. ఆరాధనలో పాస్టరుగారు చేతులెత్తమంటే ఎడమచెయ్యి పైకి లేస్తుంది. కుడిది గుండె దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడైనా వ్యాయామం మొదలుపెట్టకపోతే ఆ చెయ్యి ఇంక తలదాకా లేవదమ్మా అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. రోజూ పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లాలి, నెల్లాళ్లు బరువులు ఎత్తకూడదు. "నేనొచ్చీదాకా ఆగు, అమ్మనెవరు సూస్తారు?" అని విమానం ఎక్కాడు డేవిడ్‌రాజ్. ఆగింది. వచ్చాక, సోమవారం నుంచి వెళ్తానంటే, "శనారం కృతజ్ఞత కూడిక పెట్టించేను గదా, ముందది అవనీ" అన్నాడు. అదయ్యాకైనా వెళ్తానంటే, "బుధారం ఉదయ్ భయ్యా వోళ్లొస్తన్నారు. అక్కడ తిన్న గువ్వల కూరలాగ నువ్వు కంజుపిట్టలతో సెయ్యాల. వొచ్చే నెల సూద్దాం" అన్నాడు. తన భుజానికి మాత్రం పూటపూటా కాపడం కావాలి. విమలకి కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

శనివారం సాయంత్రం క్యాంప్ 2 కాలనీ నుంచీ చుట్టుపక్కల నుంచీ సంఘం వాళ్లు వచ్చి చాపల మీద కూచున్నారు. పాస్టరుగారు నోవహు ఓడలోంచి పావురాన్ని వదిలిన భాగం తీశారు. గృహస్థుడు ఏ పని మీద వెళ్లొచ్చాడో అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, దగ్గి, పేజీలు తిప్పి కీర్తన చదివారు. డేవిడ్‌రాజ్ లేచి, దేవుడు తనని ఎంత క్షేమంగా తీసుకెళ్లి తీసుకొచ్చాడో చెప్పాడు. తుపాకీ నింపే మనిషి గురించి కూడా చెప్పాడు. అందరూ నవ్వారు.

"విమలమ్మ గారూ, మీరూ ఓ మాట సాక్ష్యం చెప్పండమ్మా" అన్నారు పాస్టరుగారు.

ఎప్పుడూ చెప్పేది ఒకటే మాట: దేవునికి స్తోత్రం, అందరూ భోంచేసి వెళ్లండి. ఆ మాట అందామనే పలావు తెడ్డు పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది. అక్కణ్ణించి డేవిడ్‌రాజ్ వీపు కనిపించింది. ఆయన ఇటు తిరగలేదు. ఖాళీ మంచినీళ్ల గ్లాసు పట్టుకున్న చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు.

విమల గ్లాసు అందుకోలేదు. భయమే వేసింది, కానీ నోరు తెరిచింది.

"అందరికీ వందనాలు. నా కుడిచెయ్యి లెగట్లేదు. సోమారం నుంచి రోజూ వైద్యానికి ఎల్తన్నాను. నెల్లాళ్లు వొంట సెయ్యను, ఎవుర్నీ ఎత్తను. అత్తయ్యని మావారు సూసుకుంటారు. బుధారం వొచ్చీవోళ్లకీ, వొచ్చే మొదటి ఆదివారం ప్రేమవిందుకీ మావారే వొండుతారు. సంగం ముందు మాటిస్తన్నాను. నా సెయ్యి కోసం ప్రార్థన సెయ్యండి."

డేవిడ్‌రాజ్ అప్పుడు తిరిగి చూశాడు. "అదేటి విమలా! నాకు వొంటెక్కడొచ్చు? నన్నొక్క మాట అడగాల గదా!"

ఎవరూ నవ్వలేదు. మూలనున్న మంచం కిర్రుమంది. అత్తగారు తల కాస్త ఎత్తి కొడుకు వైపు చూసింది. ఆవిడకి కోడలి మీద ప్రేమేమీ పొంగుకు రాలేదు, మాటంటే మాటే ఆవిడకి.

"సంగంలో అన్న మాటరా బాబూ" అంది.

ఆడవాళ్ల వైపు నుంచి ముందుగా ఆమేన్ వినిపించింది. పాస్టరుగారు కళ్లు మూసుకుని, విమలకుమారి కుడిచెయ్యి పేరున చాలాసేపు ప్రార్థించారు. విమల గుమ్మంలోంచి వచ్చి ఆడవాళ్ల పక్కన చాప మీద కూచుంది, అంతసేపూ లేవలేదు. తన ఇంటి చాప మీద, కూడిక జరుగుతుండగా, కూచోవడం ఆమెకదే మొదటిసారి.

ప్రార్థన అయ్యాక పక్కన కూచున్న వెరోనికా వడ్డించడానికి కొంగు బిగించింది. విమల ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూచో వొదినా. ఆయన వొడ్డిస్తారు."

కాసేపటికి డేవిడ్‌రాజ్ లోపలికి వెళ్లక తప్పలేదు. గిన్నెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు, తర్వాత ఆయన గొంతు:

"విమలా! గరిటెలెక్కడుంటాయే?"

వాళ్లు ఆ ఇంటికి వచ్చి ముప్ఫయ్యేళ్లు దాటింది.

"ఎతుక్కోండి" అంది విమలకుమారి, లేవకుండానే.