వెనక గోడ

"ఇప్పుడు చూడు," అంది సర్జన్, దారం బిగించి.

ఊపిరితిత్తుల డాక్టరు ఆమెకు సొంత మరిది. బిడ్డ గొంతులోకి సన్నటి కెమెరా గొట్టం దించి, తెరకు కళ్లప్పగించి కూర్చున్నాడు.

"ముందువైపు తెరుచుకుంది వదినా. ఊపిరి వదిలినప్పుడు మాత్రం మళ్లీ మూసుకుపోతోంది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. నాలుగు నెలల పసివాడు. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం వాడి శ్వాసనాళాన్ని అదిమేస్తోంది. ఊపిరి కోసం గొంతులో పెట్టిన ట్యూబు తీసిన ప్రతిసారీ ఊపిరాడక ఒళ్లు నీలం తిరుగుతోంది. ఆ రక్తనాళాన్ని ముందుకు లాగి రొమ్ము ఎముకకు కుట్టేస్తే దారి తెరుచుకోవాలి. పొద్దుట్నుంచీ తలప్రాణం తోకకొచ్చేలా ఆమె చేసింది ఆ పనే.

"సరిగ్గా చూసి చెప్పు. వంటింట్లో ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కూడా కనపడదు నీకు."

ఎవరూ నవ్వలేదు. ఇంట్లో గొడవ ఇంట్లోనే వదిలి రావడం డాక్టర్లకు మాత్రం చేతనవుతుందా? అతను తెరను ఆమె వైపు తిప్పాడు. కుట్టు వేసిన చోట దారి బాగానే ఉంది. బిడ్డ ఊపిరి వదలగానే శ్వాసనాళం వెనక గోడ తడి గుడ్డలా లోపలికి వాలి దారిని కప్పేసింది.

పోయిన వారం మీటింగులో మరిది నసుగుతూ ఆ మాటే ఎత్తాడు, శ్వాసనాళం వెనక గోడను కూడా వెన్నెముక వైపు లాగి కుట్టాల్సి వస్తుందేమోనని. నోరు మూయించింది ఆమే. ఇప్పుడు "ముందే చెప్పానుగా" అని ఒక్క మాటంటే దులిపేసేది. అతను అనలేదు. అదే ఆమెను మరీ ఉడికించింది.

"పక్కకు తిప్పండి. వెనక కూడా ఇప్పుడే కుట్టేస్తాను."

"ఈ రోజుకింక తట్టుకోలేడు మేడమ్," అంది మత్తు డాక్టరు.

ఆపరేషన్ అంతటితో ముగించి ఇద్దరూ బయటికి రాగానే, బెంచీ మీద నుంచి బిడ్డ తల్లి లేచి ఎదురొచ్చింది.

"ట్యూబు తీసేశారా మేడమ్? ఈ రోజు తీసేస్తానని మాటిచ్చారుగా."

మరిది ముందుకొచ్చి, "ఇంకో ఆపరేషన్ కావాలమ్మా. మేం ముందుగా కనిపెట్టలేకపోయాం," అన్నాడు.

"మేం కాదు," అని అడ్డుపడింది సర్జన్. "ఈయన ముందే చెప్పాడు. నేనే వినిపించుకోలేదు."

అంత మాట ఒప్పుకోవడానికి ఆమె ఎంత గింజుకుందో ఆమెకే తెలుసు. తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీలో ఎవరు చెప్పారో నాకెందుకమ్మా? ట్యూబు ఎప్పుడు తీస్తారో అది చెప్పండి."

ఈసారి సర్జన్ మాటివ్వలేదు; "నువ్వు చెప్పు," అంటూ మరిది వైపు తిరిగింది.