ఎర్ర పెన్ను

ఇరవై ఐదుకు పదిహేడంటే మరీ తక్కువేం కాదులే అని పొద్దున చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు శాంతయ్య, మొగుడు మహారాజు, ఆయనకేం, ఆటో స్టార్ట్ చేసుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు, ఈ మున్సిపల్ హైస్కూలు వరండాలో బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటున్నది సంతోషమ్మ కదా, తను పనిచేసే లాడ్జిలో మూడో అంతస్తు గదులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, గుండ్లు చేయించుకున్న యాత్రికులు ఈపాటికి ఖాళీ చేసి ఉంటారు, దుప్పట్లు మార్చాలి, ఒంటిగంట లోపల రాకుంటే సూడు మల్లా అన్నాడు మేనేజరు గంగాధరం, చూడనీ, అయినా పదిహేడేమిటి, ఏడో తరగతికి వచ్చిన కూతురు కెజియాకు లెక్కల్లో ఇరవై ఐదు తప్ప వేరే అంకె పడిందా ఎప్పుడైనా, నిన్న ఆ పేపరు చూసీచూడగానే వీపు మీద ఒక్కటేసింది, పిల్ల ఏడవలేదు, ఏడ్చి ఉంటే బాగుండేది.

లెక్కల నిర్మలమ్మ టీచరు మంచిదే, పాపం యాభై ఎనిమిది మంది పిల్లలు ఒక్కతికి, నీ కూతురు నాకు సగం టీచరమ్మా అని ఆరో తరగతిలోనే అంది, ఆ మాటకు సంతోషమ్మ రెండు రోజులు నేల మీద నడవలేదు, చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లందరికీ మా పాప టీచరు మాదిరి నోట్సులు దిద్దతాదక్కా అని చెప్పుకుంది, పుట్టినరోజుకు గాంధీరోడ్డులో మంచి ఎర్ర పెన్ను కొనిచ్చింది, పిల్ల వేళ్ల నిండా ఎర్ర సిరా చూసి మురిసిపోయింది, ఇంకా కష్టమైన లెక్కలు ఇయ్యండి మేడమ్ అని పోయినేడు తల్లిదండ్రుల మీటింగులో అడుగుదామని లేచింది కూడా, అంతలో ముందు వరసలో ఎవరో మా వాడికి తగ్గించి ఇయ్యండి మేడమ్ అన్నారు, సిగ్గేసి కూర్చుండిపోయింది, ఎందుకు కూర్చుంది, గదులు ఊడ్చేదానివి నీకెందుకమ్మా అంటారనా.

పేపరు మడత విప్పింది మళ్లీ, నిన్న మార్కులు చూసిందే గానీ లెక్కలు చూడలేదు, ఇదేమిటి, నూట ఇరవై అని గుండ్రంగా రాసి, దాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన నూట ఇరవై రెండు అని ఉంది, ఆ కింద లెక్కా అంతే, అటు పక్కదీ అంతే, నాలుగు లెక్కలు, నాలుగింటికీ సరైన జవాబు రాసి మరీ కొట్టేసింది, పదో తరగతి తప్పిన తనకే తెలుస్తోంది, చేతకాక చేసిన తప్పు ఇలా ఉండదు, పొద్దున జడ వేస్తూ ఎందుకే తప్పు చేసినావు అంటే పిల్ల ఏమంది, తప్పు చేసినోళ్ల దగ్గరే మేడమ్ కూసుంటాదమ్మా అంది, నోరు మూసుకో అని రిబ్బను బిగించింది తను.

కిటికీలోంచి చూసింది, నిర్మలమ్మ టీచరు భానుచందర్ అనే కుర్రవాడి పక్కన బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని, వీపు మీద చెయ్యివేసి, ఈడ సూడు నాయనా, యాడ తప్పినావో సూడు అని చెబుతోంది, చివరి బెంచీలో నోటు పుస్తకాల గుట్ట వెనక కెజియా, చేతిలో ఎర్ర పెన్ను, తల వంచుకుని దిద్దుతోంది, మధ్యమధ్య తలెత్తి ఆ బెంచీ వైపు చూస్తోంది, ఆ చూపు సంతోషమ్మకు తెలుసు, బంతిలో అన్నం వడ్డించేవాళ్లు తన ఆకు దాటిపోతే పిల్లలు అట్లాగే చూస్తారు.

బెల్లు కొట్టారు, టీచరు బయటికి వచ్చింది, ఏమ్మా, ఇంట్లో ఏమన్నా ఇబ్బందా, పాప ఇట్లా ఎప్పుడూ చెయ్యలేదే అంది, ఇంక తప్పు చెయ్యదు మేడమ్, నేను సూసుకుంటా అని దారి పొడవునా నేర్చుకొచ్చిన మాట పక్కన పెట్టేసి, పేపరు చాచి కొట్టేసిన జవాబులు నాలుగూ వేలు పెట్టి చూపించింది, ఆ ఎర్ర పెన్ను నేను కొనిచ్చిందే మేడమ్, నేనే ఎత్తుకపోతా, దానికి రాని లెక్క ఒకటి ఇచ్చి పక్కన కూసోండి, రోజూ పది నిమిషాలు చాలు అంది, టీచరు పేపరు మీదనుంచి తల ఎత్తడం లేదు, లాడ్జిలో ఒంటిగంట అయిపోయి ఉంటుంది, కానీ సంతోషమ్మ కాళ్లు ఇప్పుడు ఊగడం లేదు, రెండేళ్లుగా తన బిడ్డ ఈ బడిలో అందరికీ లెక్కలు చెబుతోంది, దానికి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.